తల్లి బానిసైతే బిడ్డా బానిసే!

సహారా గుడారాల్లో ఇంకా తెగని సంకెళ్ళు

మన ఇళ్ళల్లో పొలమైనా, ఇంటిపేరైనా తండ్రివైపు నుంచి వస్తాయి. తల్లివైపు నుంచి ఏమొస్తుందంటే పోలికలనీ, నాలుగు నగలనీ, మహా అయితే చేతి రుచి అనీ చెబుతాం. సహారా ఎడారిలో కొన్ని సంచార తెగల్లో మాత్రం తల్లి నుంచి బిడ్డకి వచ్చేది ఇంకొకటుంది. అదే బానిసత్వం! తండ్రి ఎవరన్నది లెక్కలోకి రాదు. తల్లి బానిస అయితే ఆమె కడుపున పుట్టిన బిడ్డ కూడా యజమాని ఆస్తే. ఆ యజమానే బిడ్డకి తండ్రి అయినా, ఆ మాట అతను నలుగురిలో ఒప్పుకుంటే తప్ప బిడ్డకి విముక్తి లేదు.

"ఏమిటీ, ఈ రోజుల్లో కూడా బానిసలా? సినిమాల్లోనో, చరిత్ర పుస్తకాల్లోనో ఉండాలిగానీ..." అని మీరు అనుకోవచ్చు. సంతలో నిలబెట్టి వేలం వేసే బానిసత్వం ఇప్పుడు అక్కడా కనిపించదు. కాళ్ళకి గొలుసులూ ఉండవు. తాతలనాడు ఎప్పుడో ఎత్తుకొచ్చిన మనుషుల మునిమనవరాళ్ళు ఇవాళ్టికీ అదే కుటుంబం గుడారం దగ్గర నీళ్ళు మోస్తూ, మేకలు కాస్తూ ఉంటారు. జీతం లేదు, సెలవు లేదు, "ఇక చాలు" అనే హక్కు లేదు. ఇలాంటి బానిసత్వం ఎక్కువగా వినిపించే దేశాలు మౌరిటానియా, నైజర్, మాలి. మూడూ ఆఫ్రికాలో సహారా ఎడారినీ, దాని దక్షిణపు అంచునీ ఆనుకుని ఉన్నవే.

గుడారం లోపల... గుడారం అంచున

మౌరిటానియాలో అరబ్బీ మాండలికమైన హస్సానియా మాట్లాడే సంచార తెగల పెద్ద కుటుంబాలని బీదాన్ అంటారు. వాళ్ళకి తరతరాలుగా బానిసలుగా ఉన్న నల్లజాతివారినీ, వారిలో విముక్తులైనవారినీ కలిపి హరాతీన్ అంటారు. మాట్లాడే భాష ఒకటే, పాటించే మతం ఒకటే. దేశ జనాభాలో హరాతీన్లు నూటికి 40 మంది దాకా ఉంటారని అంచనా. నైజర్, మాలి దేశాల్లో తిరిగే తువారెగ్ తెగలోనూ ఇలాంటి అంతస్తులే ఉన్నాయి. పైన ఇమాజెఘన్ అనే దొరలు, అట్టడుగున ఇక్లాన్ అనే బానిసలు, నడుమ మతబోధకులు, కమ్మరి పనివాళ్ళు.

ఎడారి సంసారంలో పనంటే మాటలు కాదు. తెల్లారకముందే లేచి రోట్లో సజ్జలు దంచాలి. లోతైన బావిలోంచి నీళ్ళు తోడి, మేకతోలు సంచుల్లో నింపి మోసుకురావాలి. మేకల్ని తోలుకెళ్ళాలి, పాలు పితకాలి, పుల్లలు ఏరాలి, గుడారం విప్పాలి, మళ్ళీ ఇంకోచోట వెయ్యాలి. ఈ చాకిరీలో సింహభాగం బానిస ఆడవాళ్ళదే. అందరూ తిన్నాక మిగిలింది వాళ్ళ భోజనం. అందరూ గుడారం లోపల పడుకుంటే వాళ్ళ పడక గుడారం అంచున.

ఇక్కడ ఆడవాళ్ళం ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. తువారెగ్ స్త్రీల స్వేచ్ఛ గురించి చాలామంది రాశారు. వాళ్ళలో ముఖానికి ముసుగు వేసుకునేది మగవాళ్ళు, ఆడవాళ్ళు కాదు. గుడారం స్త్రీ సొత్తు. విడాకులైతే ఆవిడ గుడారం ఆవిడదే. వింటే ముచ్చటేస్తుంది. కానీ ఆ దొరసాని కవిత్వం చెప్పుకుంటూ, వాయిద్యం వాయించుకుంటూ కూర్చునే తీరిక ఎలా వచ్చింది? రోకలి ఇంకొకామె చేతిలో ఉంది కనుక! మౌరిటానియాలో పెద్దింటి ఆడపిల్లల్ని చిన్నప్పటి నుంచే బలవంతాన పాలూ, గంజీ తాగించి లావెక్కించే ఆచారం ఉంది. దాన్ని లెబ్లూహ్ అంటారు. లావుగా ఉన్న పెళ్ళికూతురంటే పుట్టింట్లో పని చెయ్యక్కర్లేని కలిమి ఉందని గుర్తు. అంటే ఒక పిల్లకి తినలేనంత కూడు, ఇంకో పిల్లకి తిండి లేని చాకిరీ. ఇద్దరి శరీరాలూ వాళ్ళవి కావు. అయినా ఇద్దరి బాధా ఒకటి కాదు. ఎందుకంటే మొదటి పిల్ల పెళ్ళికి రెండో పిల్లని కానుకగా ఇచ్చేవారు!

ఐదో భార్య

నైజర్ దేశంలో 1996లో పన్నెండేళ్ళ పిల్ల ఖరీదు ఎంతో తెలుసా? రెండు లక్షల నలభై వేల సీఎఫ్ఏ ఫ్రాంకులు. అప్పటి లెక్కన 500 డాలర్లకి కాస్త తక్కువ. ఆ ఏడాది మన రూపాయల్లో పదహారు వేల చిల్లర. ఆ రోజుల్లో మన ఇంట్లోకి ఒక కలర్ టీవీ వచ్చే డబ్బు!

ఆ పిల్ల పేరు హదీజతు మనీ. పుట్టుకతోనే బానిస. కొన్న మనిషి వయసు నలభై దాటింది. కొన్నది "వహాయా"గా. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మతం ప్రకారం నలుగురు భార్యలకి మించి చేసుకోకూడదు కనుక, ఆ పైన కొనుక్కునే ఆడపిల్లని వహాయా అంటారు. వాడుకలో "ఐదో భార్య". పేరుకి భార్యేగానీ పెళ్ళి లేదు, మెహర్ లేదు, హక్కు లేదు. పగలు భార్యలకి దాసి, పొలంలో కూలి, రాత్రి యజమానికి... చెప్పనక్కర్లేదు. తువారెగ్ బానిస కుటుంబాల్లో పుట్టిన ఆడపిల్లల్ని దక్షిణాన ఉన్న హౌసా షావుకార్లు ఇలా కొనుక్కోవడం నైజర్ నుంచి ఉత్తర నైజీరియా దాకా ఉన్న ఆచారం.

హదీజతు ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళు ఉంది. నలుగురు పిల్లల్ని కన్నది. ఇద్దరే దక్కారు. 2003లో నైజర్ ప్రభుత్వం బానిసల్ని ఉంచుకోవడం నేరమని చట్టం చేసింది. శిక్ష పదేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళ దాకా. 2005 ఆగస్టులో యజమాని ఆమెకి విముక్తి పత్రం రాసిచ్చాడు. హమ్మయ్య అనుకుని ఆమె ఇల్లు వదిలి వెళ్ళబోతే... "ఎక్కడికి? నువ్వు నా భార్యవి" అని అడ్డం నిలబడ్డాడు! బానిసగా విడిచిపెట్టిన నోటితోనే భార్యగా కట్టేసుకున్నాడన్నమాట.

కోర్టు మెట్ల మీద

చదువులేని ఆ పిల్ల అక్కడితో ఊరుకుంటే ఇవాళ మనకి ఆమె పేరు కూడా తెలిసేది కాదు. అమ్మని చూసొస్తానని బయటపడి, తిరిగి వెళ్ళలేదు. నేరుగా కోర్టుకెక్కింది. 2006 మార్చిలో కోన్నీ పట్టణంలోని కోర్టు, "మీ ఇద్దరికీ అసలు పెళ్ళే జరగలేదు, నువ్వు స్వేచ్ఛగా వెళ్ళవచ్చు" అని తీర్పిచ్చింది. యజమాని పైకోర్టుకి వెళ్ళాడు. పైకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఈలోగా హదీజతు తనకి నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకుంది. అంతే! భర్త ఉండగా ఇంకో పెళ్ళి చేసుకున్నదని 2007 మేలో ఆమెకి ఆరు నెలల జైలు శిక్ష వేశారు. ఆమెనీ, తోడు నిలిచిన అన్ననీ జైల్లో పెట్టారు. రెండు నెలలు జైల్లో ఉంది.

చూశారా విచిత్రం! బానిసని ఉంచుకున్నవాడు బయట, బానిసగా ఉన్నది జైల్లో.

నైజర్‌లో టిమిడ్రియా అనే సంస్థ ఉంది. 1991లో మొదలైంది. ఆ మాటకి తువారెగ్ భాషలో తోడబుట్టినతనం, సౌభ్రాతృత్వం అని అర్థం. వాళ్ళ అండతో హదీజతు తన దేశపు కోర్టుల్ని దాటి, పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి 'ఎకోవాస్' కోర్టుకి వెళ్ళింది. ఈసారి యజమాని మీద కాదు, ఏకంగా తన ప్రభుత్వం మీద. ఆ కోర్టు నైజర్ రాజధాని నియామేకి వచ్చి విచారణ జరిపింది. 2008 అక్టోబర్ 27న తీర్పు వచ్చింది. బానిసత్వం నుంచి ఆమెని కాపాడవలసిన బాధ్యత ప్రభుత్వానిదే, ఆ బాధ్యతలో ప్రభుత్వం తప్పిందని తేల్చి, కోటి సీఎఫ్ఏ ఫ్రాంకులు పరిహారం ఇమ్మంది. మరుసటి సంవత్సరం అమెరికా ప్రభుత్వం ఆమెకి ధైర్యవంతులైన మహిళలకిచ్చే అంతర్జాతీయ పురస్కారం ఇచ్చింది. అప్పటికి ఆమె వయసు పాతికే.

ఈ తీర్పులో మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది. "ఇది ఇంట్లో వ్యవహారం, ఆచారం, మేమేం చెయ్యగలం" అని ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. ఆడవాళ్ళ మీద జరిగే అన్యాయాలన్నిటికీ మొదట తగిలించే ముసుగు ఈ "ఇంట్లో వ్యవహారం" అన్న మాటే కదా!

ఎన్నిసార్లు రద్దు చేస్తారు?

మౌరిటానియా కథ ఇంకా చిత్రం. అక్కడ బానిసత్వాన్ని రద్దు చేసినన్నిసార్లు ఇంకే దేశంలోనూ చేసి ఉండరు. 1905లో ఫ్రెంచి పాలకులు తమ పశ్చిమ ఆఫ్రికా రాజ్యంలో బానిసల క్రయవిక్రయాలని నిషేధించారు. కానీ ఎడారి దొరలతో పేచీ ఎందుకని చూసీచూడనట్టు ఊరుకున్నారు. 1960లో స్వాతంత్ర్యం వచ్చింది. మరుసటి ఏడాది రాజ్యాంగం అందరూ సమానమంది. 1981లో బానిసత్వం రద్దు అని ప్రత్యేకంగా ఉత్తర్వు వచ్చింది. ప్రపంచంలో అందరికన్నా ఆఖరున రద్దు చేసిన దేశం అదే. అందులో నష్టపరిహారం మాట కూడా ఉంది. ఎవరికనుకున్నారు? బానిసలకి కాదండీ, యజమానులకి!

రద్దయితే అయింది గానీ, ఉంచుకుంటే శిక్ష ఏమిటో ఆ ఉత్తర్వులో లేదు. శిక్ష పెట్టడానికి మరో పాతికేళ్ళు పైనే పట్టింది. 2007లో నేరంగా చట్టం చేశారు. అందులోనూ ఒక మెలిక. ఫిర్యాదు బాధితులే స్వయంగా చెయ్యాలి. అక్షరం ముక్క రాని, గుడారం దాటి ఎరగని మనిషి పోలీస్ స్టేషన్‌కి ఎలా వెళుతుంది? ఆ చట్టం కింద మొదటి శిక్ష పడేసరికి 2011 వచ్చింది. ఇద్దరు చిన్న అన్నదమ్ముల్ని బానిసలుగా ఉంచుకున్నందుకు వేసింది రెండేళ్ళు. ఆ శిక్ష పడ్డవాళ్ళు కూడా కొన్ని నెలలకే బెయిలు మీద బయటికొచ్చారు. ఆ అన్నదమ్ముల తరఫున ఆఫ్రికా దేశాల బాలల హక్కుల కమిటీకి ఫిర్యాదు వెళితే, ప్రభుత్వం వాళ్ళ హక్కుల్ని కాపాడలేదని ఆ కమిటీ తేల్చింది. 2018లో ఆ నిర్ణయం బయటికొచ్చింది.

2015లో వచ్చిన కొత్త చట్టం కాస్త గట్టిది. శిక్ష ఇరవై ఏళ్ళ దాకా పెంచారు. ప్రత్యేక కోర్టులు పెట్టారు. గుర్తింపు పొందిన సంస్థలు కూడా కేసు వెయ్యవచ్చన్నారు. 2018లో నువాదిబూ కోర్టు ఒక కేసులో ఇరవై ఏళ్ళ శిక్ష, ఇంకో కేసులో ఒక మహిళకి పదేళ్ళ శిక్ష వేసింది. అవును, యజమానుల్లో ఆడవాళ్ళూ ఉంటారు. ఇంటిపని చేయించుకునేది వాళ్ళే కదా మరి.

బానిసత్వం ఎప్పుడో పోయిందనీ, మిగిలినవి దాని ఆనవాళ్ళేననీ మౌరిటానియా ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. 2023లో వెలువడిన ప్రపంచ బానిసత్వ సూచీ మాత్రం అక్కడ ప్రతి వెయ్యిమందిలో 32 మంది, మొత్తం మీద దాదాపు లక్షా నలభై తొమ్మిది వేల మంది ఆధునిక బానిసత్వంలో ఉన్నారని అంచనా వేసింది. ఇందులో బలవంతపు చాకిరీ, బలవంతపు పెళ్ళిళ్ళు కూడా కలిసే ఉన్నాయి. ఉత్తర కొరియా, ఎరిట్రియాల తర్వాత మూడో స్థానం.

గొలుసు లేదు కదా, వెళ్ళిపోవచ్చుగా?

ఇది అందరూ అడిగే ప్రశ్నే. కొట్టే భర్తని ఎందుకు వదిలి రాలేదని మన ఆడపిల్లల్నీ ఇలాగే అడుగుతారు. సమాధానమూ ఇంచుమించు ఒకటే. ఎక్కడికి వెళ్ళాలి? ఏం తినాలి? అన్నిటికన్నా ముఖ్యంగా... పిల్లల్ని ఎలా వదలాలి?

బానిస తల్లి పారిపోతే పిల్లలు యజమాని దగ్గరే ఉండిపోతారు. ఒక్కొక్కసారి బిడ్డని ఇంకో ఊళ్ళో యజమాని చెల్లెలికో, కూతురికో ఇచ్చేసి ఉంటారు. అందర్నీ ఒక్కచోట చేర్చుకుని బయటపడాలంటే అయ్యే పనేనా? ఆ తల్లికి వేరే గొలుసు దేనికి?

రెండోది నమ్మకం. యజమానికి ఎదురు చెబితే స్వర్గం దక్కదని చిన్నప్పటి నుంచీ నూరిపోస్తారు. నిజానికి బానిసని విడిపించడం గొప్ప పుణ్యమని ఇస్లాం చెబుతుంది. కానీ ఆ మాట చదువుకోవడానికి బానిస పిల్లకి అక్షరాలు నేర్పరు.

మూడోది కాగితాలు. పుట్టిన తేదీ, తండ్రి పేరు, తల్లిదండ్రుల పెళ్ళి పత్రం అడిగే ఆఫీసులో ఆ తల్లి ఏం చూపిస్తుంది? కాగితం లేక బిడ్డకి చదువు సాగదు. చదువు లేక పని దొరకదు. పని లేక మళ్ళీ పాత గుమ్మమే గతి.

నాలుగోది కరువు. 1970ల మొదట్లో, మళ్ళీ 1980లలో వచ్చిన కరువులకి మందలకి మందలే చచ్చిపోయాయి. సంచారం మానుకుని జనం రాజధాని నువాక్‌షాట్ చుట్టూ గుడిసెలు వేసుకున్నారు. యజమానులే పోషించలేక కొందరు బానిసల్ని వదిలేశారు. అలా విడుదలైనవాళ్ళకి స్వేచ్ఛ దొరికింది గానీ నేల దొరకలేదు, పశువు దొరకలేదు. విముక్తురాలైన స్త్రీ పట్నంలో అంట్లు తోమో, వీధిలో ఉడికించిన ధాన్యం అమ్మో బతకాలి. బానిసత్వం నుంచి బయటికి రావడం ఒక మెట్టు. బయట నిలబడగలగడం ఇంకో పెద్ద మెట్టు.

బానిసని బహుమతిగా కోరుకున్న పిల్లాడు

చీకటి కథలోనూ ఎక్కడో ఒక దీపం ఉంటుంది. అబ్దెల్ నాసర్ ఉల్ద్ ఎత్మాన్ అనే ఆయన బీదాన్ పెద్దింటి బిడ్డ. ఏడేళ్ళప్పుడు సున్తీ వేడుకలో, "నీకేం కావాలో కోరుకో" అంటే ఒక బానిస కుర్రాణ్ణి కోరుకున్నాడట. ఇచ్చారు కూడా! పెద్దవుతున్నకొద్దీ చదువుకున్నాడు. మనుషులంతా పుట్టుకతో స్వేచ్ఛాజీవులేనన్న మాట పుస్తకంలో చదివి నిర్ఘాంతపోయాడు. సెలవులకి ఇంటికెళ్ళి, "మీరిక బానిసలు కారు, వెళ్ళిపొండి" అని తమ బానిసలకి చెప్పాడు. వాళ్ళు వెళ్ళలేదు. చెప్పినంత మాత్రాన తెగేది కాదని అప్పుడు తెలిసొచ్చింది ఆయనకి.

ఆ తర్వాత 1995లో బానిసల కుటుంబంలో పుట్టి ఆర్కిటెక్ట్ అయిన బూబకర్ ఉల్ద్ మెస్సావుద్, ఈ అబ్దెల్ నాసర్ చేతులు కలిపి ఎస్ఓఎస్ ఎస్క్లావ్ అనే సంస్థ పెట్టారు. బానిస ఇంటి బిడ్డా, యజమాని ఇంటి బిడ్డా ఒకే బల్లకి చెరోవైపు కూర్చున్నారు. పారిపోయి వచ్చిన తల్లులకి అండగా నిలవడం, కోర్టుల్లో కేసులు నడపడం వాళ్ళ పని.

ఇంకొకాయన బిరామ్ దాహ్ అబేద్. ఆయన నాయనమ్మ బానిస. ఆవిడ కడుపులో ఉండగానే ఆ బిడ్డకి యజమాని విముక్తి ఇచ్చాడు. తల్లి బానిస, కడుపులో బిడ్డ స్వేచ్ఛాజీవి! ఆ బిడ్డకి పుట్టినవాడే బిరామ్. 2008లో ఐఆర్ఏ అనే ఉద్యమ సంస్థ పెట్టి, ఎన్నోసార్లు జైలుకెళ్ళి, 2013లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల బహుమతి అందుకున్నారు. 2014, 2019, 2024 అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేసి మూడుసార్లూ రెండో స్థానంలో నిలిచారు.

మనకి తెలియని కథేం కాదు

ఎడారి ఎక్కడో, మనమెక్కడో అనుకోకండి. తెలంగాణ గడీల్లో దొరబిడ్డ అత్తారింటికి వెళుతుంటే, ఆమె వెంట సారెతో పాటు ఒక పేదింటి ఆడపిల్లని కూడా పంపేవారు. ఆ పిల్లని ఆడబాప అనేవారు. దొరసానికి సేవ పగలు, దొర ఆజ్ఞ రాత్రి. తన పెళ్ళి, తన ఇల్లు, తన బిడ్డ అన్నవి ఆమె నుదుట రాయలేదు. సహారా పెళ్ళికానుకకీ దీనికీ ఎంత తేడా ఉందో మీరే చెప్పండి. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ మన దేశం 1976లో చట్టం చేసుకుంది. అంటే మౌరిటానియా కన్నా మనమేమీ వందేళ్ళు ముందు లేం. ఐదేళ్ళే ముందున్నాం!

ఇప్పటికీ మన కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్, మరికొన్ని గల్ఫ్ దేశాలకి ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళలో, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోయి, జీతం అందక, తిరిగి రావడానికి దారి లేక ఏడ్చినవాళ్ళు ఎందరో. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఇంటిపనిలో పెట్టుకోకూడదని 2006 నుంచీ మన దగ్గర నిషేధం ఉంది. అయినా "మా ఇంట్లో పిల్లలా చూసుకుంటున్నాం" అంటూ పల్లె నుంచి తెచ్చిన పిల్లల చేత అంట్లు తోమించే ఇళ్ళు లేవంటారా? ఎడారి యజమానీ ఆ మాటే అంటాడు మరి. "వాళ్ళు మా కుటుంబంలో వాళ్ళే" అని!

పేర్లు మారవచ్చు. బానిస, వహాయా, ఆడబాప, ఇంట్లో పిల్ల... పేరు ఏదైనా నాలుగు ప్రశ్నలు వేసి చూడండి. ఆమె పనికి డబ్బు ఎవరి చేతికి వస్తోంది? ఆమె కాగితాలు ఎవరి పెట్టెలో ఉన్నాయి? ఆమె బిడ్డ బడికి వెళుతున్నాడా, పనికి వెళుతున్నాడా? "మానేస్తాను" అంటే ఏమవుతుంది? ఈ నాలుగిటికీ సరైన జవాబు రాకపోతే అక్కడ గొలుసు ఉన్నట్టే, కంటికి కనబడకపోయినా.

చివరగా ఒక సంగతి. హదీజతుకి న్యాయం చెప్పిన ఆ ఎకోవాస్ కూటమి నుంచి నైజర్, మాలి, బుర్కినా ఫాసో 2025 జనవరిలో తప్పుకున్నాయి. తన దేశపు కోర్టు జైల్లో పెడితే హదీజతు వెళ్ళి తట్టిన తలుపు అది. ఇవాళ నైజర్‌లో మరో పన్నెండేళ్ళ పిల్లని అమ్మితే, ఆమె పెద్దయ్యాక తట్టడానికి ఆ తలుపు లేదు. చట్టాలు పుస్తకంలో ఉన్నాయి, నిజమే. కానీ చట్టం ఉన్న చోటికి ఆ పిల్ల నడిచి రావాలంటే తోవలో టిమిడ్రియా లాంటి ఒక తోబుట్టువు నిలబడి ఉండాలి. అక్కడైనా అంతే... ఇక్కడైనా అంతే!